గిరాకి లేని నెలలు

వర్తకుని నేర్పు గిరాకి దినములలో తెలియదు. గిరాకి లేని దినములలోనే తెలియును. పంట పండిన యేట ప్రతి రైతును సమర్థుడే. వాన కురియని యేట విత్తనపు గింజలను వండుకొని తినక దాచుకొన్నవాడే సేద్యగాడు. ఈ మాట పాత పుస్తకముల కొట్టునకు వర్తించినట్లు మఱి యే కొట్టునకును వర్తింపదు. ఏలయన, బట్టల వర్తకుడు గాని కిరాణా వర్తకుడు గాని గిరాకి తగ్గినప్పుడు సరుకు తెప్పించుట మానుకొనును. గిరాకి వచ్చినప్పుడు మరల తెప్పించుకొనును. పాత పుస్తకముల వర్తకునకు ఆ వెసులుబాటు లేదు. చేయి జాఱిన పుస్తకమును మరల తెప్పించుకొనుటకు ఆయనకు టోకు దుకాణము లేదు, ఏజెంటు లేడు. ఒకమారు పోయినది పోయినట్లే.

ఈ విషయమును గూర్చి వ్రాయవలసిన యవసరము మాకు గడచిన వర్షాకాలమున కలిగెను. మా పట్టణమున కోర్టు వీధికి దాపున నొక పాత పుస్తకముల కొట్టు గలదు. పది అడుగుల వెడల్పు, ఇరువది అడుగుల లోతు. నేలనుండి కప్పువఱకు పుస్తకములు. నడుమ ఒక మనిషి పక్కవాటుగా నడచుటకు దారి. దాని యజమాని యొకనాటి సాయంకాలము తడిసిన గొడుగుతో మా ఆఫీసు గదికి వచ్చి, చొక్కా జేబులోనుండి మడత కాగితమును తీసి మా ముందుంచిరి. అది కొట్టు గది యజమాని పంపించిన నోటీసు.

“అయ్యా, మూడు నెలల అద్దె నిలిచిపోయినది. పదునైదు దినములలో ఖాళీ చేయుమన్నారు. లోపలి గదిలోని పాత సరుకును తూకమునకు వేసినచో ఒక నెల అద్దె వచ్చును. మీరు చదువుకొన్నవారు. వేయమందురా?” అని అడిగిరి.

నోటీసునకు బదులు వ్రాయుట మా వృత్తి. ఆ పని మాకు కష్టము కాదు. కాని ఆ కడపటి ప్రశ్నకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఎందులకు చెప్పలేకపోతిమో ఈ వ్యాసమున ముందు చెప్పెదము. ఆ ప్రశ్న ఆయన యొక్కరిది కాదు. నేడు ఆంధ్ర, తెలంగాణములలోని చిన్న పట్టణములయందు పాత పుస్తకములు అమ్ముకొని బ్రతుకుచున్న ప్రతివాడును ఏటేట గిరాకి లేని నెలలలో తన్ను తానడుగుకొనుచున్న ప్రశ్న యిదియే. దానికి బదులు చెప్పవలసినవారు వర్తకులు మాత్రమే కారు. చదువరులమైన మనమును చెప్పవలయును.

మొదట ఈ వర్తకపు తీరును తెలిసికొందము. దీనికొక సంవత్సర చక్రము కలదు. మార్చి, ఏప్రిల్ నెలలలో పరీక్షలు ముగియగానే విద్యార్థులు పుస్తకములను సంచులలో వేసికొని వత్తురు. అది కొనుగోలు కాలము. వర్తకుని చేతిలోని రొక్కమంతయు అప్పుడే వెచ్చమై పోవును. జూన్, జూలై నెలలలో బడులు, కాలేజీలు తెఱచుటతో అమ్మకపు కాలము వచ్చును. ఇంటర్మీడియటు పుస్తకములు, ప్రవేశ పరీక్షల గైడులు, డిగ్రీ పుస్తకములు అప్పుడు చెల్లిపోవును. ప్రభుత్వము గ్రూపు పరీక్షలకు గాని, ఉపాధ్యాయ నియామకములకు గాని ప్రకటన చేసిన యేట మఱి రెండు నెలలు సందడిగా నుండును. సంక్రాంతికి ముందు, 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవము జరుగు దినములలో, చదువరులకు పుస్తకములమీదికి మనసు పోవును. ఆ గాలి చుట్టుపట్ల పట్టణములకును కొంత సోకును. తక్కిన నెలలన్నియు నిశ్శబ్దమే. శ్రావణము మొదలు మార్గశిరము వఱకు బోణీ కాని దినములు అనేకము. వాన పట్టినచో కాలిబాటపై పుస్తకములు పఱచుకొను పేదవర్తకునకు బోణీమాట యటుండగా, పట్టా విప్పుటకే వీలుండదు.

ఇక లాభపు లెక్క. సగము ధరకు అమ్ముట, పావు ధరకు కొనుట ఈ వర్తకమున తఱుచుగా కనబడు వాడుక. వంద రూపాయల గైడును ఇరువదియైదు రూపాయలకు కొని యేబది రూపాయలకు అమ్ముదురు. అది జూన్ నెలలో వచ్చి జూలైలో పోవును కావున అందు లాభము కలదు. కాని కావ్యములు, చరిత్రలు, నవలలు, జీవితచరిత్రలు, పాత మాసపత్రికల సంపుటములు అట్టివి కావు. అవి పదేండ్లు కూర్చుండి, పదకొండవ యేట తమ చదువరి వచ్చినప్పుడు లేచి పోవును. ఆ పదేండ్ల అద్దె నెవరు కట్టిరి? గైడులు కట్టినవి. పాత పుస్తకముల కొట్టునకు వెళ్లి ముందరి బల్లపై గైడులను చూచి పెదవి విఱుచు పండితులు ఈ సంగతిని మఱవరాదు. ముందరి బల్ల సంపాదించినదానిని వెనుకటి అలమర తినుచున్నది. వెనుకటి అలమర లేనినాడు అది వట్టి గైడుల కొట్టు. ముందరి బల్ల లేనినాడు అసలు కొట్టే లేదు.

పాఠ్యక్రమము మాఱినప్పుడు ఈ లెక్కయంతయు తలక్రిందులగును. మా వృత్తినుండియే యొక నిదర్శనము చూపెదము. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, 1872 నాటి సాక్ష్య చట్టము అను మూడును 2024 జూలై 1వ తేదీతో తొలగిపోయి, వాని స్థానమున భారతీయ న్యాయ సంహిత మొదలగు మూడు క్రొత్త చట్టములు అమలులోనికి వచ్చెను. అంతకుముందు వంద యేండ్లకు పైగా పేరుపడిన వ్యాఖ్యాన గ్రంథములకు పాత పుస్తకముల కొట్టులో విలువ పడిపోయెను. విద్యార్థులు వానిని ముట్టుట మానిరి. కాని 2024 జూలై 1కి పూర్వము జరిగిన నేరములకు నేటికిని పాత శిక్షాస్మృతియే వర్తించును. ఆ కేసులు, వాని అప్పీళ్లు ఇంకను ఎన్నియో యేండ్లు కోర్టులలో నడచును. క్రొత్తగా సన్నదు పొందిన జూనియరు న్యాయవాది పాత సెక్షనుపై వాదింపవలసి వచ్చినప్పుడు ఆ వ్యాఖ్యాన గ్రంథమునకై వెదకును. ఆనాడు అది ఎక్కడ దొరకును? గిరాకి లేదని తూకమునకు వేయని కొట్టులో దొరకును. పాతది వేఱు, చచ్చినది వేఱు. ఈ భేదమును ఎఱిగినవాడే పాత పుస్తకముల వర్తకుడు; ఎఱుగనివాడు చిత్తుకాగితముల వర్తకుడు.

గిరాకి లేని నెలలలో కొట్టు ఊరక యున్నదని దారిన పోవువారు తలంతురు. యజమాని స్టూలుపై కూర్చుండి వీధిని చూచుచున్నట్లు కనబడును. నిజమునకు ఆ కొట్టు చేయు పనిలో మేలైన భాగమంతయు ఆ నెలలలోనే జరుగుచున్నది. దానిని మేము దగ్గఱనుండి చూచినవారము గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదటి పని మూటలు విప్పుట. ఒక యింటివారు ఇల్లు మాఱుచు మూడు గోనెల పుస్తకములను గుత్తగా ఇచ్చి పోదురు. జూన్ నెలలో ఆ గోనెల మూతి విప్పుటకు తీరిక యుండదు, అవి మూలనుండును. భాద్రపదపు మధ్యాహ్నమున ఒక్కొక్కటి విప్పుదురు. పెండ్లి శుభలేఖలు, పాత పంచాంగములు, ఒకటవ తరగతి వాచకములు, వానినడుమ ఒక్కొకప్పుడు 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలివారి గ్రంథమో, మదరాసునందు వావిళ్లవారు అచ్చువేసిన కావ్యమో బయటపడును. ముఖపత్రము కలదా, కడపటి పుటలున్నవా, నడుమ ఫారము లేచిపోయినదా అని చూడవలయును. రెండవ సంపుటము దొరకినచో, నాలుగేండ్ల క్రిందట ఒంటరిగా వచ్చి యెక్కడనో కూర్చున్న మొదటి సంపుటమును వెదకి జత చేయవలయును. ఒంటి సంపుటమును కొనువారు లేరు. జత కూడినదానికి చదువరి దొరకును. ఈ జత కూర్చుట తీరికయు జ్ఞాపకమును గలవారికి గాని సాధ్యము కాదు.

రెండవ పని రక్షణ. మన దేశమున పుస్తకమునకు నిప్పుకంటె చెమ్మయే పెద్ద శత్రువు. చెమ్మ వెనుక చెద వచ్చును. అలమరను గోడకు ఆనించక జానెడు ఎడముంచుట, నేలపై బల్లచెక్కలు వేసి వానిపై దొంతరలు పెట్టుట, పొడిగుడ్డతో అట్టలు తుడుచుట, ఎండిన వేపాకు చల్లుట, ఎండ కాచిన దినమున నీడపట్టున గాలి తగులనిచ్చుట — ఇవన్నియు వర్షాకాలపు పనులు. ఎండలోనే పెట్టినచో పాత కాగితము పెళుసై విఱుగును. వెన్ను ఊడిన పుస్తకమునకు మైదాపిండి జిగురు కాచి, పురుగు పట్టకుండుటకు అందులో చిటికెడు మైలుతుత్తము కలిపి, గుడ్డపేలిక అతికించెదరు. మైదాజిగురు పురుగునకు విందువంటిది గనుక ఈ జాగ్రత్త పూర్వపు బైండరులనుండి వచ్చినది. ఒక్కొక్క పుస్తకమునకు అరగంట పట్టును. దానివలన ధర పది రూపాయలు పెరుగునేమో. కూలి లెక్క వేసినచో ఇది నష్టమే. ఐనను ఆ పుస్తకము మఱి ముప్పది యేండ్లు బ్రతుకును.

మూడవ పని జాబితా. మేము చెప్పుచున్న కొట్టులో ఒక బొద్దు నోటు పుస్తకము కలదు. అందు ఏ చదువరి ఏ పుస్తకమునకై యడిగి పోయెనో, ఏ నెలలో అడిగెనో, ఫోను నంబరుతోసహా వ్రాసియుండును. పుస్తకము దొరకిననాడు ఆ పేరుకు ఎదురుగా గుర్తు పెట్టి కబురు పంపుదురు. నేడు చేతిలోని ఫోనుతో ముఖపత్రమును ఫొటో తీసి పంపుట నిమిషపు పని. తపాలాశాఖవారు 2025 మే 1వ తేదీ నుండి ‘జ్ఞాన్ పోస్ట్’ అను పేర 300 గ్రాముల కట్టకు 20 రూపాయలు మొదలు 5 కిలోలకు 100 రూపాయల వఱకు పన్నులు గాక రుసుములు నిర్ణయించి పుస్తకములు పంపు సదుపాయము కల్పించిరి. దూరమునున్న చదువరికి పుస్తకము పంపుటకు ఇట్టి సదుపాయములను వర్తకులందఱును తెలిసికొని వాడుకొనవలయును. ఊరిలో గిరాకి లేనప్పుడు ఊరి వెలుపలి గిరాకిని వెదకుకొనుట వర్తకనీతి.

నాల్గవ పని అన్నిటికంటె గొప్పది. దానిని చెప్పుటకు మేము మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది.

మా తండ్రిగారు ఉపాధ్యాయులు. జీతములోనుండి నెలకొకటి చొప్పున కొన్న పుస్తకములను రెండు అలమరలలో భద్రపఱచిరి. ఆయన గతించిన పిమ్మట ఇంటికి మరమ్మతులు చేయించునప్పుడు, ధూళి పట్టినవి, చెద తగిలినవి, మాకు పనికిరానివి అని తలంచి, వానిని చిత్తుకాగితములు కొనువానికి తూకమునకు వేయించితిమి. త్రాసు పళ్లెమున వానిని మా చేతులతోనే పెట్టితిమి. మేము కాలేజీ చదువు చదివినవారము. గ్రంథాలయ సభలలో వేదికలెక్కి పుస్తకముల గొప్పను గూర్చి ఉపన్యసించినవారము. ఐనను ఆనాడు మాకేమియు తోచలేదు. రెండేండ్ల పిమ్మట ఈ కొట్టులో నిలుచుండి యొక చరిత్ర పుస్తకమును తెఱచి చూచుచుండగా, అంచున సన్నని యక్షరములతో వ్రాసిన మాటలు కనబడెను. అవి మా తండ్రిగారి చేవ్రాలు. అట్ట లోపల కొన్న తేదీ, వెల, ఆయన సంతకము ఉన్నవి.

“ఇది మీకెక్కడ దొరకినది?” అని అడిగితిమి.

“చిత్తుకాగితముల కొట్టులో నండి. బేరము లేని మధ్యాహ్నములందు ఆ కొట్లన్నియు తిరిగి వత్తును. మిల్లునకు పోవు లారీ ఎక్కకముందు దొరకినవి దొరకినట్లు ఏరి తెత్తును.”

“మిగిలినవో?”

“అప్పటికే లారీ వెళ్లిపోయినదండి. ఇదొక్కటే మూటనుండి జాఱి పడియున్నది.”

వెల అరువది రూపాయలు. సంగతి తెలిసిన పిమ్మట ఆయన పుచ్చుకొనననిరి. మేము బలవంతముగా చేతిలో పెట్టి వచ్చితిమి. ఆ రాత్రి ఆ పుస్తకము మా బల్లపై నుండెను. దానిని తెఱచుటకు మాకు చేతులు రాలేదు.

గిరాకి దినములలో ఆయన కొట్టు విడిచి కదలలేరు. గిరాకి లేని దినమున తిరిగిరి గనుకనే ఆ యొక్క పుస్తకము దక్కెను. చిత్తుకాగితపు త్రాసునకును చదువరి చేతికిని నడుమ నిలిచియున్నవాడు పట్టణమున ఈ యొక్క మనిషి మాత్రమే. ఆయన నిలువబడు కాలము ఈ నిశ్శబ్దపు నెలలే. అట్టి మనుష్యుడు మా యెదుట కూర్చుండి, తూకమునకు వేయమందురా అని మమ్ము అడిగినప్పుడు మేము వెంటనే బదులు చెప్పలేకపోవుటలో వింత యేమున్నది?

ఇచట కొందఱు ఆక్షేపించెదరు. “ఈ కాలమున పుస్తకములన్నియు ఫోనులోనే యున్నవి గదా, ఈ ధూళికొట్టు లెందులకు?” అని. పాత తెలుగు గ్రంథములు వేలకొలదిగా అంతర్జాలమునకెక్కిన మాట నిజము. అది మహోపకారము, మేమును నిత్యము వాడుకొనుచున్నాము. కాని అటుల ఎక్కించుటకు మొదట కాగితపు ప్రతి యొకటి యెక్కడనో దక్కియుండవలయును గదా. మఱియొక సంగతి కలదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవించినంతకాలమును, ఆయన మరణించిన పిమ్మట 60 సంవత్సరములును గ్రంథముపై హక్కు నిలిచియుండును. 1990లో గతించిన రచయిత గ్రంథమును 2050వ సంవత్సరము ముగియువఱకు హక్కుదారుల యనుమతి లేక ఎవరును అంతర్జాలమున ఉంచరాదు. తెలుగున అనేక పుస్తకములు వేయి ప్రతులకు మించి అచ్చుపడవు. నేడు కొన్ని అంతకంటెను తక్కువ. మొదటి ముద్రణ చెల్లిపోయి, రెండవ ముద్రణ వేయువారు లేక, హక్కు తీరక, నడుమ చిక్కుపడియున్న పుస్తకములకు లెక్కలేదు. వానికి గ్రంథాలయమును పాత పుస్తకముల కొట్టును తప్ప వేఱు ఆశ్రయము లేదు. ధర చెల్లించి కొన్న ప్రతిని మరల అమ్ముకొనుటకు చట్టమున అడ్డు లేదు. కావున ఈ వర్తకము హక్కుదారులకు ద్రోహము చేయక పుస్తకమును ప్రచారమున నుంచుచున్నది.

“గ్రంథాలయములున్నవి గదా” అని మఱికొందఱు అందురు. ఉన్నవి. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి యధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగినది మొదలు, అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగు పెద్దలు ఊరూర తిరిగి గ్రంథాలయములు నెలకొల్పిరి. 1935లో పాతూరి నాగభూషణము గారు కాలువపై పడవలో పుస్తకములు పంపించిరి. వారి వారసులమని చెప్పుకొనుచున్న మనము ఏమి చేయుచున్నాము? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కట్టుచున్నాము. ఆ సొమ్ము స్థానిక సంస్థలనుండి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుటలేదను మొఱ యేండ్ల తరబడి వినబడుచున్నది. క్రొత్త పుస్తకములు కొనుటకే సొమ్ము చాలనిచోట పాతవానిని వెదకువారెవరు? గ్రంథాలయమును పాత పుస్తకముల కొట్టును అక్కచెల్లెండ్రు. అక్క యింట లేనిది చెల్లెలి యింట దొరకవలయును.

ఇంతకంటె పెద్ద నగరములలో ఏమి జరిగెనో చూడుడు. మదరాసు మూర్ మార్కెటు తెలుగు చదువరులకును, విద్యార్థులకును తరతరములుగా పాత పుస్తకముల పుట్టినిల్లు. 1985 మే నెలలో అది అగ్నికి ఆహుతి అయ్యెను. వర్తకులు ప్రక్కనున్న భవనమునకు పోయిరి, కాని ఆ పూర్వపు కళ తిరిగి రాలేదు. ఢిల్లీలో దర్యాగంజ్ కాలిబాటపై ఆదివారము ఆదివారము జరుగుచుండిన పుస్తకముల సంత 2019లో కోర్టు ఉత్తర్వుపై ఆ వీధినుండి లేచి మహిళా హాట్ ఆవరణమునకు మాఱెను. అది ఆవరణము దొరకిన యదృష్టవంతుల కథ. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారపు కాలిబాటపైనను, విజయవాడ లెనిన్ సెంటరులోను ఇంకను పుస్తకములు పఱచుకొనువారున్నారు. 2014 నాటి వీధి వర్తకుల చట్టము ప్రకారము ప్రతి పట్టణమునను వర్తకుల సర్వే జరుగవలయును. సర్వే ముగిసి ధ్రువపత్రములు ఇచ్చువఱకు ఎవరిని తొలగింపరాదు. పట్టణ వీధి వర్తక సంఘమున నూటికి 40 మందికి తక్కువ కాకుండ వర్తకుల ప్రతినిధులుండవలయును. ఈ హక్కులు కాగితముపై ఉన్నవి. వానిని అడిగి తీసికొనుటకు కాలిబాట వర్తకునకు తోడు నిలుచుట మా వృత్తివారి ధర్మమని మేము తలంచుచున్నాము.

వర్తకులకును రెండు మాటలు చెప్పకున్నచో మా వ్రాత ఏకపక్షమగును. గిరాకి లేని నెలలలో కొందఱు దొంగముద్రణ ప్రతులను తెచ్చి ముందరి బల్లపై పెట్టుచున్నారు. అవి పాత పుస్తకములు కావు. రచయిత కడుపు కొట్టిన పుస్తకములు. నేడు నాలుగు రూపాయలు తెచ్చినను, రేపు కొట్టునకు పోలీసును తెచ్చును. కొందఱు ఆశపడి పరీక్షల కాలమున రొక్కమంతయు గైడులపై పెట్టి, పాఠ్యక్రమము మాఱుటతో చేతులు కాల్చుకొనుచున్నారు. జూలై రాబడిలో నాలుగైదు నెలల అద్దెను ముందుగా తీసి వేఱుగా నుంచినవాడు మార్గశిరము దాటును. మఱియు నోటిమాట అద్దెపై ముప్పది యేండ్లు గడుపుట క్షేమము కాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేని నెలసరి అద్దెదారుని లేపుటకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 106వ సెక్షను 15 దినముల నోటీసు చాలుననుచున్నది. ముప్పది యేండ్ల కొట్టు పదునైదు దినముల నూలుపోగుపై వ్రేలాడుచుండుట ఎంత యపాయము! కాలపరిమితితో ఒప్పందము వ్రాయించుకొని, రిజిష్టరు చేయించుకొనుడు.

ఇక చదువరులమైన మన సంగతి. మనము ఈ కొట్టునకు పోవునది మనకేదో కావలసినప్పుడు. అది లేనిచో పెదవి చప్పరించి తిరిగి వచ్చెదము. ఇట్లు పోయిన కొట్టు నిలువదు. మేము కోరునవి మూడు చిన్న పనులు. గిరాకి లేని నెలలలో నెలకొక పుస్తకము, వంద రూపాయల లోపుదైనను సరే, కొనుడు. ఇంటిలోని పుస్తకములను తూకమునకు వేయుటకు ముందు, అమ్మినను ఊరక యిచ్చినను, ఒకమారు ఆ కొట్టు యజమానికి కబురు చేయుడు. ఆయన చూచి వలదన్నవి మాత్రమే త్రాసునకు పోనిండు. మీకు కావలసిన పుస్తకముల పేర్లు పది ఆయన నోటు పుస్తకమున వ్రాయించుడు; ఆ పది పేర్లు ఆయన మధ్యాహ్నపు తిరుగుడునకు దారి చూపును. పఠన మందిరముల కార్యదర్శులు సంవత్సరమునకు ఒకమారు, శ్రావణ భాద్రపదములలో, తమ యలమరలలోని కొఱతలను ఈ కొట్లనుండి పూరించుకొనవలయును. క్రొత్త ధరలో సగముతో జత తెగిన సంపుటములు పూర్తియగును; వర్తకునకు రెండు నెలల అద్దె గడచును. దానమని ఎవరును తలంపనక్కఱలేదు. ఇది బేరమే, ఇరుపక్షములకును లాభము గల బేరము.

మా పట్టణపు కొట్టు ఏమయ్యెనని పాఠకులు అడుగుదురు. గది యజమాని దుర్మార్గుడు కాడు; ఆయనకును అప్పులున్నవి, బిడ్డల చదువులున్నవి. ఇరువురిని కూర్చుండబెట్టి మాటాడితిమి. బకాయిని ఆఱు వాయిదాలుగా చెల్లించుటకు ఒప్పుదల కుదిరెను. మూడేండ్లకు ఒప్పందపత్రము వ్రాయించితిమి. మా న్యాయవాదుల సంఘమువారు పలువురు తమ యిండ్లలోని పాత పుస్తకములను చూపించుటకు ఆయనను పిలిచిరి. ఇది విజయమని మేము చెప్పము. ఒక వర్షాకాలము గడచినది, ఇంకొకటి రాకమానదు.

ఆనాడు ఆయన అడిగిన ప్రశ్నకు మేము కడపట ఇచ్చిన బదులు ఇది: “వేయవలదు. మేమొకమారు వేసితిమి.” ఆయన మఱేమియు అడుగక కాగితమును మడచి జేబులో పెట్టుకొని, గొడుగు తీసికొని వెళ్లిరి. మఱునాడు కోర్టునకు పోవుచు చూడగా కొట్టు తలుపు తెఱచియున్నది. లోపలి గదిలోని మూట యొకటి వీధి వెలుతురులోనికి వచ్చి విప్పబడుచున్నది. మన పట్టణములలో ఆ తలుపులు వానకాలమందును తెఱచియుండునట్లు చూచుకొను భారము మనది.